దువ్వెనకు ఆవేశం ఎక్కడిది?



నూనె రాయని పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి, చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టమని మీ పిల్లలకు చెప్పండి. ముక్కలు ఎగిరి అంటుకుంటాయి. ఇక రెండు ప్రశ్నలు అడగండి.

1. ఆవేశం ఎలా వచ్చింది?
"రాపిడి వల్ల పుట్టింది" అంటే సరికాదు. ఆవేశం కొత్తగా పుట్టదు. జుట్టులోని ఎలక్ట్రాన్లు కొన్ని దువ్వెనకు చేరాయి. దువ్వెనకు ఎంత రుణావేశం వచ్చిందో, జుట్టుకు అంతే ధనావేశం మిగిలింది. మొత్తం మారలేదు. ఇదే ఆవేశ నిత్యత్వం. సగం ఎలక్ట్రాన్ మారడం ఉండదు. ఒక్కోదాని ఆవేశ పరిమాణం 1.6 × 10⁻¹⁹ కూలుంబ్‌లు.

2. కాగితానికీ ఆవేశం ఉందా?
అవసరం లేదు. ఆవేశం ఉన్న వస్తువు, లేనిదాన్ని కూడా ఆకర్షిస్తుంది. అందుకే ఆవేశాన్ని కచ్చితంగా నిర్ధారించేది వికర్షణే.

నిర్వచనం అప్పజెప్పించకండి, "ఎందుకు?" అని అడగండి.