నాలుగో ఉపగ్రహం

జలంత్రకోట నుంచి ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఈ నెల నా మిగతా పనులన్నీ పక్కన పెట్టించింది. ఆయన మేనల్లుడు విశాఖలో ముడసర్లోవ దగ్గరి గోల్ఫ్ మైదానంలో క్యాడీ. అక్కడ ఆటగాళ్లలో కొందరు చేతికి జీపీఎస్ గడియారం పెట్టుకుంటారు, మరికొందరు చిన్న లేజర్ పరికరాన్ని కంటికి ఆనించి జెండావైపు గురిపెడతారు. ఒకేచోట నిలబడి చూసినా గడియారం 140 గజాలంటే లేజర్ 147 అంటోంది. ఇందులో ఏది నిజం, మా ఉద్దానం కొబ్బరి తోటల హద్దులు కొలవాలంటే ఏది నయం అని ఆయన అడిగారు. ఈ రెండో ప్రశ్నతోనే నాకు నిద్ర పట్టలేదు.

లేజర్ సంగతి త్వరగా తేలిపోతుంది. మీట నొక్కగానే కంటికి కనబడని పరారుణ కాంతి ఒక్క మెరుపుగా బయల్దేరి, ఎదురైన వస్తువును తాకి వెనక్కి వస్తుంది. పోయి రావడానికి పట్టిన కాలాన్ని కాంతి వేగంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది. జెండా 150 మీటర్ల దూరంలో ఉంటే ఆ రాకపోకలకు పట్టేది ఒక్క మైక్రోసెకను, అంటే సెకనులో పదిలక్షలో వంతు. లోపలి గడియారం ఏడాది పొడుగునా సరైన టైము చూపనక్కర్లేదు. ఆ ఒక్క మైక్రోసెకను పాటు సరిగ్గా నడిస్తే చాలు.

జీపీఎస్‌కు ఆ వెసులుబాటు లేదు. ఫోనో, గడియారమో ఉపగ్రహాన్ని పలకరిస్తే అది జవాబిస్తుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. మన చేతిలోని పరికరం పైకి ఏమీ పంపదు, వింటుందంతే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ప్రతి ఉపగ్రహమూ తానెక్కడున్నదీ, తన గడియారంలో టైమెంతైందీ ఎడతెగకుండా చాటుతూ ఉంటుంది. ఆ కబురు నడినెత్తి నుంచి నేలకు చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా వినబడిందో తెలిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనం ఎక్కడున్నామో తేలిపోవాలి.

తేలదు! ఆలస్యం కొలవాలంటే మన దగ్గరి గడియారం ఉపగ్రహంలోని పరమాణు గడియారంతో కలవాలి. చేతి గడియారంలో ఉండేది చవక క్వార్ట్‌జ్ పలుకు. అది ఒక్క మైక్రోసెకను తప్పితే దూరం 300 మీటర్లు తప్పుతుంది. ముడసర్లోవలో కొట్టిన బంతికి మైదానమే దొరకదు. పోనీ అందరి చేతికీ పరమాణు గడియారం కడదామా అంటే, అది ఎవరి తాహతుకూ అందేది కాదు.

ఈ చిక్కును విప్పిన ఉపాయం నాకు ఇరవయ్యో శతాబ్దపు ఇంజనీరింగులోకెల్లా అందంగా కనిపిస్తుంది. మన గడియారం ఎంత తప్పిందో మనకు తెలియదు. కానీ ఆ తప్పు అన్ని ఉపగ్రహాల లెక్కలోనూ ఒకే కొలతలో దూరుతుంది. పలాస స్టేషన్లో కూర్చున్నాం. వచ్చిన నాలుగు బళ్లూ మన వాచీ ప్రకారం సరిగ్గా పదేసి నిమిషాలు ఆలస్యం. అప్పుడు అనుమానించాల్సింది రైల్వేను కాదు, వాచీనే. జీపీఎస్ చేసే పనీ ఇదే. మూడు ఉపగ్రహాలతో ఆగకుండా నాలుగోదాన్నీ వింటుంది. తెలియని సంగతులు నాలుగు: అక్షాంశం, రేఖాంశం, ఎత్తు, మన గడియారపు తప్పు. సమీకరణాలూ నాలుగు. నాలుగు దూరాలూ ఒకే బిందువు దగ్గర కలవాలంటే గడియారాన్ని ఎంత సవరించాలో లెక్క తానే చెప్పేస్తుంది. చోటు తెలుసుకుందామని వెళ్లినవాడికి పరమాణు గడియారపు టైము కూడా ఉచితంగా చేతికొస్తుంది.

ఇక్కడ ఐన్‌స్టీన్ సాపేక్షత గురించి చెప్పకుండా ఉండలేను. అంత ఎత్తున గురుత్వం తక్కువ కాబట్టి ఉపగ్రహ గడియారం మనదానికంటే జోరుగా నడుస్తుంది, దాని వేగం వల్ల కొంత నెమ్మదిస్తుంది. రెండూ కలిపితే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుంటుంది. 1977 జూన్ 23న అమెరికా జీపీఎస్ పరీక్షల కోసం ఎన్‌టీఎస్-2 ఉపగ్రహాన్ని పంపేనాటికి ఈ సంగతి నమ్మని ఇంజనీర్లు ఉండేవారు. అందుకని సవరణ చేసే పరికరాన్ని అందులో పెట్టి, స్విచ్ ఆపి పంపారు. ఇరవై రోజులపాటు గడియారాన్ని దాని మానాన నడవనిచ్చి చూశారు. సిద్ధాంతం ప్రకారం లక్ష కోట్లలో 446.5 వంతులు జోరుగా నడవాలి. కొలిస్తే 442.5 వచ్చింది. స్విచ్ వేశారు.

అయితే ఈ సవరణే లేకపోతే జీపీఎస్ రోజుకు పదకొండు కిలోమీటర్లు తప్పుదోవ పట్టిస్తుందని పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో పదే పదే చెబుతుంటారు. 38 మైక్రోసెకన్లను కాంతి వేగంతో గుణించి ఆ అంకె తెచ్చారు. నాలుగో ఉపగ్రహాన్ని మరిచిపోయారు! గడియారాలన్నీ ఒకే తీరున ముందుకు జరిగితే అది మన వాచీ తప్పులాగే లెక్కలో చాలావరకు కొట్టుకుపోతుంది. చెడేది ప్రధానంగా టైము, చోటు కాదు. సాపేక్షత అవసరం లేదని నేననడం లేదు. ఆ వ్యవస్థ గొప్పతనం చెప్పబోయి దాని అసలు ఉపాయాన్నే దాచేస్తున్నారన్నది నా బాధ.

అలా కొట్టుకుపోని తప్పు ఒకటుంది, అది మన ఆకాశంలోనే ఎక్కువ. వాతావరణం పై పొర అయిన అయనోస్ఫియర్‌లోని ఎలక్ట్రాన్లు సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి. నడినెత్తినున్న ఉపగ్రహానికి ఆ ఆలస్యం తక్కువ, దిగంతం దగ్గర ఏటవాలుగా వచ్చేదానికి ఎక్కువ. ఒక్కోదానికి ఒక్కోలా ఉండే ఈ తప్పును నాలుగో ఉపగ్రహం కూడా పట్టలేదు. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉండే మన దేశం మీద ఆ పొర మరీ చంచలం. లెక్క సులువుకోసం దాన్ని 350 కిలోమీటర్ల ఎత్తున పరిచిన పలుచని రేకుగా ఊహించుకోవడం ఆనవాయితీ. ఆ ఊహ ఇక్కడ నిలుస్తుందా అని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పి.వి.ఎస్. రామారావు బృందం పరీక్షించి 2006లో ఫలితం ప్రచురించింది. ఉపగ్రహం 50 డిగ్రీలకు పైన ఉంటేనే నిలుస్తుంది, కిందకు దిగితే నమ్మలేం. విమానాలకు జీపీఎస్ తప్పులను సవరించి చెప్పేందుకు ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థకు ఇలాంటి పరిశోధనే పునాది. ముడసర్లోవ ఉన్న విశాఖలోనే జరిగిన పని ఇది.

ఇప్పుడు తోటలోకి వద్దాం. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస కలిసి పెరిగినచోట నిలబడి తల పైకెత్తితే నడినెత్తిన మాత్రమే కాస్త ఆకాశం కనిపిస్తుంది. అయనోస్ఫియర్ పోరు తక్కువుండే ఉపగ్రహాలు అక్కడే ఉంటాయి, నిజమే. కానీ అన్నీ ఒకే దిక్కున గుమిగూడితే అడ్డంగా మనమెక్కడున్నామో లెక్క తేల్చలేదు. నలుదిక్కులా చెదిరి ఉంటేనే తేలుతుంది. పైగా తడి మట్టలు సంకేతాన్ని మింగేస్తాయి. మొద్దులకు తగిలి తిరిగొచ్చిన సంకేతం ఆలస్యంగా చేరి, ఉపగ్రహం ఉన్నదానికంటే దూరంగా ఉందని నమ్మిస్తుంది. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో వాడిన రోవర్లనే జీపీఎస్ పరికరాలు చేతి గడియారాల కంటే ఎన్నో రెట్లు నిశితమైనవి. 19 సెంటీమీటర్ల రేడియో తరంగంలో ఎన్నో భాగం దగ్గరున్నామో కూడా లెక్కిస్తాయి, స్థిరంగా నాటిన కోర్స్ కేంద్రాలతో పోల్చుకుని అయనోస్ఫియర్ తప్పును తీసేస్తాయి. ఆరుబయట రెండు మూడు సెంటీమీటర్లకు మించి తప్పవు. దట్టమైన ఆకుల కింద ఆ తరంగపు లెక్క తెగిపోతుంది, తెరమీద లెక్క కచ్చితంగా తేలిందని చెప్పే ‘ఫిక్స్’ రాదు, ఇంకా తేలలేదనే ‘ఫ్లోట్’ దగ్గరే ఆగుతుంది.

కాబట్టి తోటలో లేజర్‌దే పై చేయి. సర్వేయరు టోటల్ స్టేషన్‌లో ఉన్నది గోల్ఫ్ పరికరానికి పెద్దన్న, మిల్లీమీటర్ల దాకా చెబుతుంది. కానీ తాను భూమ్మీద ఎక్కడున్నదీ దానికి తెలియదు, చెట్టు అడ్డొస్తే ఆగిపోతుంది. తెలిసినవాళ్లు రెండూ వాడతారు. రోడ్డు పక్కనో చెరువు గట్టుమీదో రోవర్‌తో రెండు గుర్తులు తీసుకుని, అక్కడి నుంచి లేజర్‌తో లోపలి హద్దు రాళ్లకు కొలుచుకుంటూ పోతారు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఈ ప్రాంతపు కొబ్బరి చెట్లను లెక్కలేనన్ని పడగొట్టింది. ఏ తుఫానుకూ చెరగకుండా మిగిలే హద్దు, అలా కొలిచి రాసుకున్న అంకె. బారువ నుంచి వేటకెళ్లే పడవలకైతే లేజర్‌తో పనే లేదు, నడిసముద్రంలో కాంతిని తిప్పి పంపే వస్తువేదీ ఉండదు. అక్కడ జీపీఎస్సే దిక్కు.

ఇక మేనల్లుడి ఏడు గజాలు. గడియారం చెప్పేది తన పటంలో, జెండా ఉండే పచ్చిక ‘గ్రీన్’ నడుమకు ఉన్న దూరం. లేజర్ చెప్పేది ఆ రోజు జెండా పాతిన చోటికి. జెండాను తరచూ జరుపుతారు, గడియారానికి ఆ సంగతి తెలియదు. దానికి తోడు గడియారం ఆరుబయట కూడా మూడు నుంచి అయిదు మీటర్లు తప్పవచ్చు. అమ్మేవాళ్లు ఈ రెండింటినీ ఒకే సరుకులో రెండు రకాల్లా పక్కపక్కన పెట్టి ధరలు పోల్చడమే నాకు గిట్టదు. జెండా కనబడితే లేజర్‌ను నమ్మవచ్చు, వెనకున్న చెట్టుకు తగల్లేదని రెండోసారి చూసుకుని. మెరక అడ్డొచ్చి జెండా కనబడకపోతే గడియారమే శరణ్యం. 2019 నుంచి గోల్ఫ్ నియమాలు రెండింటినీ అనుమతిస్తున్నాయి, స్థానిక నియమం వద్దంటే తప్ప. ఎత్తుపల్లాలను లెక్కగట్టే మీట మాత్రం పోటీల్లో ఆపి ఉంచాలి.