జీకే అంటే బట్టీ కాదు.. నేత!

ఆదోని పత్తి, కర్నూలు ఉల్లి తెలిసినవాళ్లకి ప్రపంచ జీకే మరీ పరాయిదేం కాదు. తెలిసినదానికి తెలియనిదాన్ని ముడేయడం అలవాటైతే చాలు.

ఎల్‌కేజీలో నేర్చుకున్న 'బ్రదర్ జాన్' రైమ్ గుర్తుందా? గంట మోగే టైమైనా నిద్ర లేవని ఆ జాన్ ఎవరో ఎప్పుడైనా ఆలోచించారా? ఎవరి తమ్ముడో కాదు, క్రైస్తవ సన్యాసి. ఆ రైమ్‌కి మూలం 'ఫ్రేర్ జాక్' అనే పాత ఫ్రెంచి పాట. 'ఫ్రేర్' అంటే సోదరుడు. మఠాల్లో సన్యాసుల్ని అలాగే పిలుస్తారు. తెల్లవారుజాము ప్రార్థనకి గంట కొట్టాల్సినాయనే గుర్రుపెట్టి నిద్రపోతున్నాడని పాట సారాంశం.

అంటే క్రైస్తవ మఠాల గురించి ఒక ముక్క మీకు నాలుగేళ్ల వయసులోనే తెలుసు. తెలుసన్న సంగతే తెలీదు!

ఉరుకుంద, కౌతాళం, కోసిగి వైపు నుంచి పోటీ పరీక్షలకి దిగేవాళ్లలో ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా చూసినవాళ్లు చాలామందే ఉంటారు. అమ్మానాన్నలు సుగ్గికి పోతే ఇల్లు చూసుకుంటూ చదివినవాళ్లూ ఉంటారు. వీళ్లని జీకే పేపర్ కన్నా ముందు ఒక మాట భయపెడుతుంది: 'ఇవన్నీ కాన్వెంట్ పిల్లలకే వస్తాయి.' ఆ భయం ఎంత అనవసరమో చూద్దాం. కావాలనే ఒకదానికొకటి పొంతన లేని మూడు టాపిక్‌లు తీసుకుందాం: క్రైస్తవ మఠాలు, పంటలు, పాత పాప్ పాటలు.

ముందే ఒక నిజం చెప్పుకోవాలి. గ్రూప్స్ సిలబస్‌లో పాప్ పాటలు లేవు. అక్కడ పాలిటీ, చరిత్ర, భూగోళం, ఎకానమీ, కరెంట్ అఫైర్స్‌దే పెద్దపీట. పాటల ప్రశ్నలు కాలేజీ క్విజ్‌ల్లో, కంపెనీల క్విజ్‌ల్లో తగులుతాయి. కానీ ఇక్కడ నేర్చుకునే పద్ధతి మాత్రం అన్ని పరీక్షలకీ పనికొస్తుంది.

మఠం దగ్గర మొదలుపెడదాం

ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి శ్రావణ మాసంలో వచ్చే భక్తుల్లో చాలామంది మంత్రాలయం కూడా వెళ్తారు. రాఘవేంద్ర స్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన చోటు అది. అక్కడ ఉన్నది మఠం. సన్యాసం, గురుపరంపర, పూజావేళలు, వచ్చినవాళ్లకి భోజనం.. ఇవన్నీ మీకు తెలిసినవే. మొనాస్టరీ అంటే క్రైస్తవంలో దాదాపు ఇలాంటి ఏర్పాటే. తేడాలున్నాయి, కానీ బుర్రలో ఒక కొక్కెం దొరికింది కదా! ఇక దానికి ఒక్కొక్కటే తగిలించండి.

ఇటలీలోని మాంటె కసినోలో సెయింట్ బెనెడిక్ట్ క్రీ.శ. 529 ప్రాంతంలో మఠం పెట్టాడు. ప్రార్థనతో పాటు ఒళ్లొంచి పని చేయడం కూడా ఆయన నియమం. అందుకే యూరప్ మఠాల చుట్టూ పొలాలు, తోటలు పెరిగాయి. ఈజిప్టులో సినాయ్ కొండ కింద సెయింట్ కేథరీన్ మఠాన్ని 6వ శతాబ్దంలో కట్టించింది జస్టీనియన్ చక్రవర్తి. గ్రీసులోని మౌంట్ ఏథోస్ మీద 20 మఠాలున్నాయి. అక్కడికి ఆడవాళ్లకి ప్రవేశం లేదు. మన దేశంలో కేరళలోని వాగమన్ దగ్గర కురిసుమల ఆశ్రమం 1958లో మొదలైంది. అక్కడి సన్యాసులు పాడి పశువుల్ని పెంచుతారు.

మరి 'కాన్వెంట్'? దాని అసలు అర్థం క్రైస్తవ సన్యాసినుల నివాసం. వాళ్లు నడిపిన బడులకి ఆ పేరు వచ్చింది, తర్వాత మన దగ్గర ఇంగ్లిష్ మీడియం బడి ఏదైనా కాన్వెంటే అయిపోయింది. మిమ్మల్ని భయపెట్టిన మాటే ఒక జీకే ప్రశ్న!

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికొద్దాం. గ్రెగర్ మెండెల్ కూడా సన్యాసే. ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉన్న బ్రనో ఊళ్లోని సెయింట్ థామస్ మఠం ఆయనది. 1856 నుంచి 1863 దాకా మఠం తోటలో బఠానీ మొక్కల్ని సంకరం చేసి, లక్షణాలు ఒక తరం నుంచి ఇంకో తరానికి ఏ లెక్కన వెళ్తాయో కనిపెట్టాడు. 1866లో అచ్చువేస్తే పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1884లో చనిపోయాడు. 1900లో ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ సూత్రాలకే చేరుకున్నాక లోకం ఆయన్ని గుర్తించింది. ఇంకో సంగతి: టీచర్ అర్హత కోసం 1850లో రాసిన పరీక్షలో మెండెల్ తప్పాడు. అలా పరీక్ష తప్పిన మనిషి మీదే ఇవాళ పరీక్షల్లో ప్రశ్నలొస్తున్నాయి.

మన చేలో ప్రపంచ పాటలు

మెండెల్ సూత్రాల దారం పట్టుకుని నడిస్తే మన పత్తి చేలోకే వస్తాం. వాణిజ్యపరంగా సాగైన ప్రపంచపు తొలి హైబ్రిడ్ పత్తి 'హెచ్-4' మన దేశానిదే. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. 2002లో బీటీ పత్తికి అనుమతి దొరికింది.

ఆదోనిలో జిన్నింగ్ మిల్లు తెలియనివాళ్లు ఉండరు. 'జిన్' అనేది 'ఇంజిన్'కి పొట్టిపేరు. పత్తి నుంచి గింజ వేరుచేసే ఆ యంత్రాన్ని అమెరికాలో ఎలీ విట్నీ 1793లో తయారుచేశాడు. గింజ తీసే పని తేలికైంది, కానీ పత్తి తోటలు పెరిగిపోయి బానిసత్వం ఇంకా బిగుసుకుంది. అదే అమెరికా పత్తి చేల నేపథ్యంలో నల్లజాతి గాయకుడు లెడ్ బెలీ 1940లో 'కాటన్ ఫీల్డ్స్' రికార్డు చేశాడు. 1969లో క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బ్యాండ్ దాన్ని మళ్లీ పాడింది. ఒక్క పత్తి గింజ నుంచి సైన్స్, చరిత్ర, సంగీతం మూడూ వచ్చాయి చూడండి.

బుడ్డల సంగతి? వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. పువ్వు నేలపైన పూసి, కాయ నేల లోపల కాస్తుంది. దీనికీ పాటుంది: 'ది పీనట్ వెండర్'. క్యూబా వీధుల్లో పల్లీలమ్మేవాడి కేకల మీద మోయిసెస్ సిమోన్స్ కట్టిన బాణీ. డాన్ అస్పియాజు బృందం 1930లో రికార్డు చేశాక అమెరికా అంతా మోగింది.

ఇక ఉల్లి. 'గ్రీన్ ఆనియన్స్' 1962లో వచ్చింది. బుకర్ టీ అండ్ ది ఎంజీస్ బృందానిది. ఇందులో ఒక్క మాట కూడా ఉండదు, అంతా వాయిద్యమే. ఆర్గాన్ వాయించిన బుకర్ టీ జోన్స్‌కి అప్పుడు 17 ఏళ్లు.

దారాలు కలిసేచోట

'డో, రే, మి' అన్న స్వరాల పేర్ల వెనక ఉన్నది 11వ శతాబ్దపు ఇటలీ సన్యాసి గీడో. ఒక లాటిన్ భక్తిగీతంలోని పాదాల మొదటి అక్షరాల నుంచి ఆ పేర్లు తీశాడు. మొదట్లో 'ఉట్'గా ఉన్నది తర్వాత 'డో' అయింది. ఆ స్వరాలే 1965 నాటి 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' సినిమాలో పిల్లల పాటయ్యాయి. అందులో హీరోయిన్ మరియా, సన్యాసిని కావాలని ఆస్ట్రియాలోని నాన్‌బెర్గ్ మఠంలో చేరిన అమ్మాయి.

1963 డిసెంబర్‌లో అమెరికా పాప్ చార్టులో మొదటి స్థానం ఎవరిదో తెలుసా? బెల్జియం సన్యాసినిది! 'ది సింగింగ్ నన్' పేరుతో వచ్చిన 'డొమినిక్' పాట అది. రెండు నెలలు తిరక్కుండానే బీటిల్స్ ఆ స్థానానికొచ్చారు.

పట్టు రహస్యాన్ని యూరప్‌కి చేర్చిందీ సన్యాసులే. 6వ శతాబ్దంలో వాళ్లు పట్టుపురుగు గుడ్లను రహస్యంగా కాన్‌స్టాంటినోపుల్‌కి తెచ్చారు. అప్పటి చక్రవర్తి ఎవరు? సినాయ్ మఠం కట్టించిన అదే జస్టీనియన్. ఒక పేరు రెండుచోట్ల తగిలిందంటే ఇక మర్చిపోవడం కష్టం.

ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. ఆ ఊళ్లో మగ్గం చూసినవాళ్లకి వేరే ఉదాహరణ అక్కర్లేదు. సిలబస్ పడుగు, ఇలాంటి లింకులు పేక. పడుగు ఒక్కటే ఉంటే అది బట్ట కాదు, దారాల వరసే.

ఉచ్చులు ఎక్కడ?

బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' (1967) పండ్ల తోట గురించి కాదు. స్ట్రాబెర్రీ ఫీల్డ్ అనేది లివర్‌పూల్‌లోని ఒక అనాథాశ్రమం పేరు. మార్విన్ గే 1968లో హిట్ చేసిన 'గ్రేప్‌వైన్' పాటలో ద్రాక్ష తీగ అంటే నోటినోటా పాకే కబురు. షాంపేన్‌ని కనిపెట్టింది డామ్ పెరిన్యాన్ అనే సన్యాసి అనేది కథే. ద్రాక్షసారా తయారీని మెరుగుపరిచాడు గానీ కనిపెట్టలేదు.

ఉచ్చు తెలిస్తే ఒక ఆప్షన్ కొట్టేయొచ్చు. దాని విలువెంతో లెక్క చూడండి. ఏపీపీఎస్సీ స్క్రీనింగ్‌లో తప్పుకి మూడో వంతు మార్కు కోత. నాలుగు ఆప్షన్లున్న 12 ప్రశ్నలకి గుడ్డిగా గురిపెడితే సగటున 3 రైట్, 9 తప్పు. వచ్చింది 3, పోయింది 3, మిగిలింది సున్నా. ప్రతి ప్రశ్నలో ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే 4 రైట్, 8 తప్పు. చేతికి 1.33 మార్కులు. రెండు కొట్టేయగలిగితే 6 రైట్, 6 తప్పు. నికరంగా 4 మార్కులు! సగం తెలిసిన విషయానికీ ధర ఉంటుందన్నమాట.

రోజుకి అరగంట ఇలా..

- రోజూ ఇంట్లోనో చేలోనో కనపడే ఒక వస్తువు తీసుకోండి. ఎక్కడ పుట్టింది, ఎవరు మార్చారు, ఎప్పుడు, ఇంకెక్కడ తగులుతుంది.. ఈ నాలుగు ప్రశ్నలు వేయండి.
- జవాబుల్ని ఆంకీడ్రాయిడ్ యాప్‌లో కార్డులుగా రాసుకోండి. ఇది ఉచితం. మర్చిపోయే సమయానికి అదే మళ్లీ అడుగుతుంది.
- సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఉంటే కివిక్స్ యాప్ వాడండి. ఆదోని వెళ్లినప్పుడు ఒకసారి వికీపీడియా దించుకుంటే నెట్ లేకుండా చదువుకోవచ్చు.
- వారానికోసారి ఫ్రెండ్‌కి ఒక గొలుసు చెప్పండి. ఎక్కడ తడబడ్డారో అదే మీ బలహీనమైన లింకు.

ఇప్పుడు పైకి చూడకుండా చెప్పండి

1. మెండెల్ ప్రయోగాలు ఏ మొక్క మీద?
2. మాటల్లేని 'ఉల్లి' పాట ఏది?
3. సినాయ్ మఠాన్నీ, పట్టునీ కలిపే చక్రవర్తి?
4. తొలి హైబ్రిడ్ పత్తి ఏ రాష్ట్రంలో వచ్చింది?
5. మౌంట్ ఏథోస్ ఏ దేశంలో ఉంది?

జవాబులు: 1. బఠానీ 2. గ్రీన్ ఆనియన్స్ 3. జస్టీనియన్ 4. గుజరాత్ 5. గ్రీసు

మూడు దాటితే మీ నేత మొదలైనట్టే. ఆరో ప్రశ్న మీరే తయారుచేయండి: జొన్న నుంచి మొదలుపెట్టి ఎంత దూరం వెళ్లగలరు?