దిగిన ఊరు వేరు

2023 జూన్ 6వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో ఎయిరిండియా వారి 173వ నంబరు విమానం ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు బయలుదేరింది. అందులో 216 మంది ప్రయాణీకులు, 16 మంది సిబ్బంది ఉన్నారు. నడుమ ఎక్కడా ఆగకుండా పదహారు గంటలపాటు సాగవలసిన ప్రయాణమది. భోజనాలు ముగిశాయి. దీపాలు తగ్గించారు. పసిపిల్లలు నిద్రపోయారు. సైబీరియా మీదుగా విమానం ఈశాన్య దిశగా పోతున్నది.

సగం దారి అయ్యేసరికి ఒక ఇంజనులో సాంకేతిక లోపం కనిపించింది. రెండవ ఇంజను సవ్యంగానే పనిచేస్తున్నా, ముందున్నది పసిఫిక్ మహాసముద్రం. పైలట్లు విమానాన్ని దారి మళ్ళించారు. అది దిగిన ఊరి పేరు మగదాన్. ప్రయాణీకులలో చాలామంది అంతకు ముందు ఆ పేరు విని కూడా ఉండరు.

రష్యా తూర్పు కొసన, ఒఖోత్స్క్ సముద్రపుటొడ్డున ఉన్న చిన్న నగరం మగదాన్. భారత కాలమానానికి అయిదున్నర గంటలు ముందుంటుంది. జూన్ నెలలో కూడా అక్కడ చలి వీడదు. స్టాలిన్ కాలంలో కొలీమా బంగారు గనుల నిర్బంధ శిబిరాలకు ఖైదీలను ఈ రేవు మీదుగానే తరలించేవారు. వారి స్మృతికి చిహ్నంగా 1996లో ఊరి పక్కనున్న కొండపై పెద్ద కాంక్రీటు ముఖాన్ని నిలిపారు. తనవారిని కలుసుకొనడానికి కాలిఫోర్నియా బయలుదేరిన మనిషి ఇటువంటి చోట కళ్ళు తెరిస్తే ఏమనుకొంటాడు? ప్రాణం దక్కిందన్న తృప్తి మొదటి గంటలో కలుగుతుంది. రెండవ గంట నుంచి ప్రశ్నలు మొదలవుతాయి.

ఆకాశంలో జరిగే తీర్పు

విమానం దారి మళ్ళిందనగానే ప్రమాదం తప్పిపోయిందనో, ఎవరో పొరపాటు చేశారనో అనుకోవడం సహజం. నిజానికి దూరప్రయాణపు విమానం నేల విడువక ముందే, అవసరమైతే ఎక్కడ దిగవచ్చునో లెక్క వేసి పెట్టుకొంటారు. గమ్యం చేరడానికి కావలసిన ఇంధనంతోపాటు, అక్కడ దిగడం సాధ్యం కాకపోతే మరొక విమానాశ్రయానికి పోవడానికి కావలసినదీ, ఆపైన కొంతసేపు గాలిలో వేచి ఉండడానికి కావలసినదీ నింపుకొంటారు.

రెండు ఇంజన్ల విమానాలకు మరొక కట్టుబాటు ఉన్నది. ఒక ఇంజను ఆగిపోతే మిగిలిన ఇంజనుతో నిర్ణీత కాలంలో ఏదో ఒక విమానాశ్రయాన్ని చేరగలిగే దారిలోనే అవి ప్రయాణించాలి. 1953లో అమెరికాలో ఈ గడువు 60 నిమిషాలు. ఇంజన్ల నాణ్యత పెరిగిన కొద్దీ గడువు కూడా పెరిగింది. 1985లో అది 120 నిమిషాలయింది. తరువాత 180 నిమిషాలయింది. నేడు బోయింగ్ 777 వంటి కొన్ని విమానాలకు 330 నిమిషాల వరకు అనుమతి ఉన్నది. ఈ సడలింపు వల్లనే మహాసముద్రాల మీదుగా, ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా సూటి మార్గాలు ఏర్పడ్డాయి. మగదాన్, క్రస్నోయార్స్క్, కెనడాలోని గూస్ బే, ఇకాలువిట్ వంటి మారుమూల విమానాశ్రయాలు ఆ మార్గాలకు కావలి గుడిసెల వంటివి. వాటి అవసరం ఎన్నడూ రాకూడదనే అందరి కోరిక; అవసరం వచ్చిన నాడు అవి లేకపోతే మాత్రం గతి లేదు.

యంత్రలోపమొక్కటే కారణం కానక్కరలేదు. ప్రయాణీకుడికి గుండెనొప్పి రావచ్చు. గమ్యంలో మంచు కమ్ముకోవచ్చు. కింద ఏదో ఒక దేశం హఠాత్తుగా తన గగనతలాన్ని మూసివేయవచ్చు. 2025 జూన్ 23న ఖతార్‌లోని సైనిక స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించిన రాత్రి, దోహాకు పోతున్న 90కి పైగా విమానాలు అప్పటికప్పుడు దారి మళ్ళవలసి వచ్చింది. వాటిలో ఇరవై వేల మందికి పైగా ప్రయాణీకులున్నారు. దోహా మీదుగా రాకపోకలు సాగించే వారిలో మన తెలుగువారు ఎందరుంటారో గల్ఫ్‌కు మనుషులను పంపిన ఏ ఊరినడిగినా చెబుతుంది.

కారణమేదైనా, తుది నిర్ణయం కెప్టెన్‌దే. సంస్థ కార్యాలయంలోని నిపుణులు, ఇంజనీర్లు, వైద్యులు ఉపగ్రహం ద్వారా సలహా చెప్పగలరు. దగ్గరలో ఉన్న విమానాశ్రయమే మంచిదని కూడా అనుకోరాదు. రన్‌వే చాలినంత పొడవుండాలి. రోగికి తగిన ఆసుపత్రి ఉండాలి. విమానం బరువు సరిపోవాలి. బోయింగ్ 777లో దూరప్రయాణాల కోసం తయారైన 200 ఎల్‌ఆర్ రకం దాదాపు 347 టన్నుల బరువుతో పైకి లేవగలదు. మామూలుగా దిగడానికి అనుమతించిన గరిష్ఠ బరువు 223 టన్నులే. బయలుదేరిన తొలి గంటలలోనే దిగవలసి వస్తే, టన్నులకొద్దీ ఇంధనాన్ని గాలిలోకి వదలడమో, అధిక బరువుతోనే అత్యవసరంగా దిగడమో తప్పదు. విమానం ఎందుకు గుండ్రంగా తిరుగుతున్నదో తెలియక కిటికీలోంచి భయంగా చూసే ప్రయాణీకుడికి ఈ సంగతి ఎవరైనా రెండు మాటలలో చెబితే ఎంతో ధైర్యంగా ఉంటుంది.

మగదాన్‌లో రెండు రాత్రులు

మగదాన్‌లో ఎయిరిండియాకు ఒక్క ఉద్యోగి కూడా లేడు. ప్రయాణీకులకు మొదట హోటళ్ళు చూడాలని ప్రయత్నించారు. ఊరిలో అంత వసతి లేకపోవడంతో తాత్కాలిక బసలు ఏర్పాటు చేయవలసి వచ్చింది. కొందరు పాఠశాల వసతి గదులలో నేలమీద పరుపులు పరచుకొని పడుకొన్నారు. పెట్టెలు విమానంలోనే ఉండిపోయాయి. మార్చుకొనడానికి బట్టలు లేవు. వృద్ధులు రోజూ వేసుకొనే మందులు కొన్ని ఆ పెట్టెలలోనే ఉన్నాయి. భాష తెలియదు, తిండి అలవాటు లేనిది. మాంసం ముట్టని వారు రొట్టెతో సరిపెట్టుకోవలసిన పరిస్థితి. టెలిఫోనులో భారతీయ వార్తాసంస్థలతో మాట్లాడిన ప్రయాణీకులు చెప్పుకొన్న కష్టాలివి. స్థానిక అధికారులు అన్ని విధాలా సహకరిస్తున్నారని విమానసంస్థ ప్రకటించింది. ఈ రెండు మాటలూ ఏకకాలంలో నిజమే కావచ్చు. హఠాత్తుగా 232 మంది అతిథులు వచ్చి పడితే, ఎంత మంచి ఇంటివారైనా పరుపులు నేలమీదనే పరుస్తారు.

ఇందులో రాజకీయం కూడా చొరబడింది. ఉక్రెయిన్ యుద్ధం కారణంగా 2022 నుంచి అమెరికా విమానసంస్థలకు రష్యా గగనతలం మూతపడింది. ఎయిరిండియా మాత్రం ఆ దారిలోనే ప్రయాణిస్తున్నది. విమానంలో కొందరు అమెరికన్ పౌరులు కూడా ఉన్నందున పరిస్థితిని గమనిస్తున్నామని వాషింగ్టన్ ప్రకటించింది. దేశాల మధ్య తగవులు భూగోళపటంలో గీతలుగా కనిపిస్తాయి. ఆ గీతలమీద అనుకోకుండా దిగినవారికి అవి ఒక పూట భోజనంగా, ఒక మందుబిళ్ళగా, ఒక దుప్పటిగా అనుభవానికి వస్తాయి.

జూన్ 7న ముంబయి నుంచి మరొక విమానం ఆహారపదార్థాలతోనూ, అవసరమైన ఇతర సామగ్రితోనూ బయలుదేరింది. 8వ తేదీ ఉదయం మగదాన్‌లో అందరినీ ఎక్కించుకొని, అదే 8వ తేదీ అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగింది. అంతర్జాతీయ దినరేఖ చేసే గారడీ ఇది: గడియారం ప్రకారం వారు బయలుదేరక ముందే గమ్యం చేరారు! అసలు లెక్కలో మాత్రం ఢిల్లీ విడిచిన తరువాత సుమారు 56 గంటలు గడిచాయి. ప్రయాణీకులకు టిక్కెట్టు సొమ్ము పూర్తిగా తిరిగి ఇస్తామని సంస్థ ప్రకటించింది.

మరుసటి ఏడాది, 2024 జూలై 18న, అదే మార్గంలో పోతున్న మరొక ఎయిరిండియా విమానం సామాను అరలో లోపమున్నట్లు సూచన రావడంతో సైబీరియాలోని క్రస్నోయార్స్క్‌లో దిగింది. రష్యా వీసా లేని ప్రయాణీకులకు అక్కడ విమానాశ్రయమే బస అయింది. 2025 ఏప్రిల్ 2న లండన్ నుంచి ముంబయి వస్తున్న వర్జిన్ అట్లాంటిక్ విమానం ఒక ప్రయాణీకుడి అనారోగ్యం కారణంగా తుర్కియేలోని దియార్‌బకిర్‌లో దిగింది. దిగిన తరువాత అందులో సాంకేతిక సమస్య కనిపించడంతో 250 మందికి పైగా ప్రయాణీకులు సుమారు 40 గంటలు అక్కడే చిక్కుబడ్డారు.

ఇంతటి ఆలస్యానికి కారణమేమిటి? మారుమూల విమానాశ్రయంలో విడిభాగాలుండవు. ఆ రకం విమానాన్ని బాగుచేసే ఇంజనీర్లుండరు. విమాన సిబ్బంది పని గంటలకు చట్టం విధించిన పరిమితి ఉన్నది. అది దాటితే విశ్రాంతి లేకుండా వారు విమానం నడపరాదు. మరొక విమానం పంపాలంటే దారిలోని దేశాల అనుమతులు కావాలి. వీసా లేనివారిని ఊరిలోకి పంపడానికి అధికారులు వెనుకాడుతారు. ఒక్కొక్క చిక్కూ విడివిడిగా చూస్తే న్యాయమైనదే. అన్నీ కలిసినప్పుడు, చంకలో బిడ్డతో కుర్చీలో కూర్చున్న తల్లికి ఏ న్యాయమూ కనిపించదు.

పదివేల మంది ఊరు

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట సౌధాలపై దాడి జరిగిన వెంటనే అమెరికా తన గగనతలాన్ని మూసివేసింది. అట్లాంటిక్ సముద్రం మీద ఉన్న విమానాలకు వెనుదిరగడమో, కెనడాలో దిగడమో తప్ప మరొక దారి లేకపోయింది. న్యూఫౌండ్‌లాండ్ ద్వీపంలోని గాండర్ అనే చిన్న పట్టణంలో ఆ రోజు 38 పెద్ద విమానాలు వరుసగా దిగాయి. ఊరి జనాభా పదివేలు. వచ్చినవారు సుమారు 6,600 మంది.

గాండర్‌కు అంత పెద్ద రన్‌వే ఎందుకున్నదంటే, జెట్ విమానాలు రాక పూర్వం అట్లాంటిక్ దాటే విమానాలు ఇంధనం కోసం అక్కడ ఆగేవి. కాలం మారి ఆ వైభవం పోయింది, రన్‌వే మిగిలింది. ఆనాడు అదే అక్కరకు వచ్చింది. భద్రతా తనిఖీల వల్ల కొందరు ప్రయాణీకులు ఒక పగలూ ఒక రాత్రీ విమానాలలోనే కూర్చోవలసి వచ్చింది. దిగిన తరువాత కూడా పెట్టెలు విమానాలలోనే ఉండిపోయాయి.

అప్పుడు స్కూలు బస్సుల డ్రైవర్లు సమ్మెలో ఉన్నారు. వారు సమ్మెను పక్కన పెట్టి బస్సులెక్కారు. పాఠశాలలు, చర్చిలు, సంఘ భవనాలు బసలయ్యాయి. గాంబో, ఆపిల్‌టన్, లూయిస్‌పోర్ట్ వంటి చుట్టుపక్కల ఊళ్ళు కూడా అతిథులను పంచుకొన్నాయి. ఇంటింటా వండిన ఆహారం చెడిపోకుండా ఐస్ హాకీ మైదానాన్నే శీతల గిడ్డంగిగా మార్చారు. మందుల దుకాణాలవారు ప్రయాణీకుల దూరదేశపు వైద్యులకు ఫోన్లు చేసి, మందుల పేర్లు తెలుసుకొని ఉచితంగా ఇచ్చారు. విమానాల సామాను అరలలో ఉన్న కుక్కలకు, పిల్లులకు సైతం తిండీ నీళ్ళూ అందాయి. డబ్బిస్తామంటే పుచ్చుకొన్నవారు లేరు. తిరుగు ప్రయాణంలో ఒక డెల్టా విమానంలోని వారు ఆకాశంలోనే చందాలు వేసుకొని లూయిస్‌పోర్ట్ విద్యార్థుల కోసం ఉపకారవేతన నిధి ప్రారంభించారు. 2002లో జర్మనీకి చెందిన లుఫ్తాన్సా తన విమానాలలో ఒకదానికి గాండర్, హాలిఫాక్స్ పట్టణాల పేర్లు పెట్టి కృతజ్ఞత చెప్పుకొన్నది.

అన్నిచోట్లా ఇటువంటి ఆదరణ లభించదు. 2017 సెప్టెంబరు 30న గ్రీన్‌లాండ్ మీద ఇంజను ముందుభాగం ఊడిపోయిన ఎయిర్ ఫ్రాన్స్ విమానం గూస్ బేలో క్షేమంగా దిగింది. అంత పెద్ద విమానం నుంచి 500 మందికి పైగా జనాన్ని దించుకొనే వసతి ఆ విమానాశ్రయానికి లేదు. మరొక విమానం వచ్చేదాకా వారు చాలా గంటలు లోపలే గడిపారు. అక్కడివారి హృదయంలో లోపమేమీ లేదు. లేనిది మెట్లు, గదులు, మనుషులు.

ఒక చేతిసంచి

ఈ అనుభవాలన్నింటిలోనూ ఒక మాట మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది: "మా పెట్టెలు విమానంలోనే ఉన్నాయి." పిల్లల దగ్గరకు అమెరికా బయలుదేరే మన తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. పెట్టెలలో ఆవకాయ, కారప్పొడులు, కోడలి పురిటికి కావలసిన సామగ్రి పదిలంగా సర్దుతారు. రక్తపోటు మాత్రలు, ఇన్సులిన్ కూడా ఒక్కొక్కసారి వాటి పక్కనే చేరుతాయి. చేతిసంచిలో ఉండవలసినవి ముందుగా ఇవి: నాలుగైదు రోజులకు సరిపడే మందులు, వైద్యుడి చీటీ, ఒక జత బట్టలు, ఒక శాలువా, కళ్ళజోడు, ఫోను ఛార్జరు. కుమారుడి ఫోను నంబరు కాగితం మీద రాసి ఉంచుకోవాలి. ఫోను ఆరిపోయినప్పుడు అందులోని నంబర్లు ఎందుకూ పనికిరావు. ఇంగ్లీషు రాని పెద్దలు తమ జబ్బు, తినకూడని పదార్థాలు ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి దగ్గర పెట్టుకొంటే, భాష తెలియని ఊరిలో కూడా దానిని చదవగలవారు ఒక్కరైనా దొరకవచ్చు.

హక్కుల సంగతి కూడా తెలిసి ఉండాలి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు సంబంధించిన 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో భారతదేశం 2009లో చేరింది. ఆలస్యం వల్ల కలిగిన నష్టానికి, నిర్ణీత పరిమితికి లోబడి, విమానసంస్థ బాధ్యత వహించాలని ఆ ఒప్పందం చెబుతున్నది. నష్టాన్ని నివారించడానికి తగిన చర్యలన్నీ తీసుకొన్నామని నిరూపించగలిగితే సంస్థకు బాధ్యత ఉండదు. దావా వేయడానికి గడువు రెండేళ్ళు. కనుక బోర్డింగ్ పాసు, ఖర్చుల రసీదులు పారవేయకూడదు.

చట్టం సొమ్ము ఇప్పించవచ్చు. ఆ రాత్రి మాత్రం చట్టం దుప్పటి కప్పదు. అది ఎవరో ఒక మనిషి చేయవలసిన పని. మగదాన్‌లో పాఠశాల గదులు తెరిచినవారు, గాండర్‌లో సమ్మె పక్కన పెట్టి బస్సులెక్కినవారు ఆ ప్రయాణీకులను మళ్ళీ చూస్తారన్న ఆశ లేనివారే. మన హైదరాబాదులోనో, విశాఖలోనో, నాగపూర్‌లోనో ఒక రాత్రి అనుకోకుండా ఒక పరదేశపు విమానం దిగవచ్చు. అందులోంచి మన భాష తెలియని ముసలమ్మ ఒకరు, చేతిలో ఖాళీ మందుసీసాతో, బయటికి రావచ్చు. ఆమె దేశం పేరు తెలుసుకొనడం తరువాతి సంగతి. ముందు ఆమెకు కావలసినది కూర్చొనడానికి ఒక కుర్చీ, తాగడానికి కాసిని మంచినీళ్ళు, ఆ సీసామీది అక్షరాలు చదవగలిగినవారు ఒకరు.