ఒక్క దినమున యుగము మారునా?

మధ్యయుగ మెప్పుడు ముగిసెనని ప్రశ్నించినచో మన విద్యార్థులు తడుముకొనక 1453 అని చెప్పుదురు. ఆ యేడు మే 29వ తేదీన తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ నగరమును జయించిరి. విజేతయైన రెండవ మహమ్మదు సుల్తానునకు అప్పటికి 21 యేండ్లు.

ఆ నగరపు పడమటి ప్రాకారము వేయి యేండ్లుగా శత్రువుల నడ్డగించినది. దానిని మోదిన పెద్ద ఫిరంగిని పోతపోసిన అర్బాన్ అను శిల్పి తొలుత చక్రవర్తి కొలువునకే వచ్చెను. బొక్కసము వట్టిపోయినందున చక్రవర్తి అతనికి జీతమీయలేకపోయెను. అతడు సుల్తానును చేరెను. చివరి చక్రవర్తి పదునొకండవ కాన్‌స్టంటైన్ పోరాటముననే ప్రాణములు విడిచెను.

ఈ పతనము వలననే గ్రీకు విద్య ఇటలీకి చేరినదనియు, తూర్పు దారులు మూసికొనిపోగా ఐరోపావారు సముద్రమార్గములు వెదకిరనియు చదువుచుందుము. కాని క్రిసొలోరస్ పండితుడు ఫ్లారెన్సులో 1397లోనే గ్రీకు బోధింప నారంభించెను. పోర్చుగీసువారు ఆఫ్రికా తీరమున స్యూటాను 1415లోనే పట్టుకొనిరి. వాస్కోడగామా కళ్ళికోట చేరినది 1498లో. ఇక వెనిసు వర్తకులో, 1454లోనే సుల్తానుతో సంధి చేసికొని వ్యాపారము సాగించిరి.

అట్లని 1453 వట్టి అంకె కాదు. రాతిగోడ యొక్కటే యిక రక్ష కాజాలదని ఆ యేడు లోకమునకు తెలిసినది. అయినను నది మలుపు ఎగువనుండియే మొదలగును. తేదీ చెప్పిన బాలునకు మార్కు లిత్తుము. “అంతకు ముందేమి జరిగినదండీ?” అని యడిగిన బాలుని మాత్రము చేరబిలిచి, పాఠము నచ్చటనుండి మొదలుపెట్టవలెను.