ఒక్క అంకెలో పోయింది!

1890లలో కలకత్తా బడాబజార్‌లో వాన మీద పందెం కాసేవారు. నాలుగు చినుకులు రాలితే సరిపోదు. మేడ కప్పు మీద నిలిచిన నీళ్లు తూములోంచి పొంగి కిందికి దూకాలి, అదీ చెప్పిన గడువులోపల. మబ్బు కమ్మేకొద్దీ పందెం ధర మారిపోయేది. రేట్ల ఎగుడుదిగుడుల మీదే బతికే మార్వాడీ వర్తకులకు ఇది జూదమనిపించి ఉండదు. ఆకాశాన్ని చదవడం వచ్చనుకున్నవాడికి ఎందుకనిపిస్తుంది? 1897లో బెంగాల్ ప్రభుత్వం చట్టం చేసి మరీ ఆపించింది. మైదానంలో దొరల గుర్రప్పందాల జోలికి మాత్రం పోలేదు లెండి.

ఆ వాన పందెంలో ఒక సుగుణం ఉంది. మబ్బు పట్టేదాకా ఆగాలి.

ఇప్పుడు ఆగాల్సిన పని లేదు. నేటి కోల్‌కతాలో స్టేషన్ల ముందు, బజారు మలుపుల్లో చిన్న బల్లల మీద లాటరీ టికెట్లు పరిచి ఉంటాయి. నాగాలాండ్, సిక్కిం ప్రభుత్వాల పేరిట నడిచే ‘డియర్’ లాటరీలో టికెట్ వెల కొద్ది రూపాయలే, మొదటి బహుమతి కోటి. డ్రాలు రోజుకు మూడు. దీనికి తోడు చాటుమాటుగా ‘ఫటాఫట్’ అనే అంకెల ఆట. చట్టం ఒప్పదు, అయినా రోజుకు ఎనిమిది దాకా బాజీలు (ఆట విడతలు). ఒకటి పోయిందన్న బాధ చల్లారేలోపే తరువాతిది తయారు.

టికెట్లు కొనేవాళ్ల తీరు ఎక్కడైనా ఒక్కటే. చేతికొచ్చింది తీసుకోరు. కట్ట తిరగేస్తారు, చివర ఏడు ఉన్నది కావాలంటారు, నిన్న వచ్చిన అంకె వద్దంటారు. 1975లో ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో డాలరు లాటరీ టికెట్లతో ఓ ప్రయోగం చేశారు. కొందరికి తామే ఎంచుకోనిచ్చారు, కొందరికి ఆమె మనుషులే చేతికిచ్చారు. తిరిగి అమ్ముతారా అని అడిగితే చేతికిచ్చినవాళ్లు సగటున రెండు డాలర్లకే సరే అన్నారు. ఎంచుకున్నవాళ్లు ఎనిమిదిన్నర డాలర్లు దాటి అడిగారు. వేలు పెట్టి ఎంచుకుంటే చాలు, అదృష్టం తన మాట వింటుందనిపిస్తుంది.

ఇక ‘ఒక్క అంకెలో పోయింది’ అనే మాట. ఐదంకెల టికెట్లో నాలుగు కలిసి ఒకటి తప్పితే మనిషి ఓడినట్టు బాధపడడు, గెలుపు దగ్గరికొచ్చిందని సంబరపడతాడు. 2009లో కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ బృందం, బొమ్మలు కలిస్తే గెలిచే ఆట ఆడేవాళ్ల మెదడును స్కానింగ్‌లో చూసింది. కొద్దిలో తప్పినప్పుడు కూడా గెలిచినప్పుడు మేలుకునే భాగాలే కొన్ని మేలుకున్నాయి. బొమ్మను తామే ఎంచుకున్నప్పుడైతే, తృటిలో తప్పాక ఇంకా ఆడాలన్న కోరిక పెరిగింది. నిజానికి ఒక్క అంకె తేడా ఉన్నా ఐదంకెల తేడా ఉన్నా ఆ కోటి రానట్టే.

ఇలాంటి అవకాశాల లెక్కలకు పుట్టిల్లు లాంటి సంస్థ కూడా కోల్‌కతాలోనే ఉంది. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1931లో స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఇది. 1941లో అందులో చేరిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు, ప్రపంచానికి సి.ఆర్. రావుగా తెలిసినవారు, దాదాపు నలభై ఏళ్లు ఆ సంస్థలోనే యాదృచ్ఛికతను అర్థం చేసుకునే పనిలో ఉన్నారు. అదే ఊళ్లో ఫటాఫట్ ఆడేవాళ్లు పాత ఫలితాల చార్టు ముందేసుకుని ‘ఈ వారమంతా నాలుగు పడలేదు, ఇవాళ పడి తీరాలి’ అంటారు. గడిచిన వారం అంకెకు గుర్తుండదు. 1913లో మాంటెకార్లో కాసినోలో నలుపు వరసగా 26 సార్లు పడింది. ఎరుపు ‘బాకీ’ ఉందనుకుని దానిమీద కాసినవాళ్లంతా జేబులు ఖాళీ చేసుకుపోయారు.

ఇలాంటి తప్పుడు లెక్కలు నాకూ ఉంటాయి, మీకూ ఉంటాయి. వాటికి తొందర తోడైనప్పుడే ఇల్లు గుల్లవుతుంది. పోయిన డబ్బు ఇప్పుడే, ఈ బాజీలోనే రాబట్టాలన్న ఉడుకు అది. దుఃఖం, కోపం, అవమానం వచ్చినప్పుడు చెయ్యి ఆగని స్వభావం కొందరిలో ఎక్కువ. ఆట విరామాన్ని ఎంత కుదిస్తే వాళ్లు అంత లోతుగా కూరుకుపోతారు. వాన పందేనికి రుతువు అడ్డం, లాటరీకి పూట అడ్డం. సెల్‌ఫోనులో ఆడే ఆటకు అదీ లేదు.

చట్టానిది ఎప్పుడూ రెండు నాల్కల ధోరణే. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటి మీద నిషేధ చట్టం తెచ్చింది. కాగితపు లాటరీ మాత్రం బెంగాల్లో దర్జాగా సాగుతోంది. పార్టీలకు విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల వివరాలు 2024లో బయటపడ్డప్పుడు అందరికన్నా ఎక్కువగా, 1,368 కోట్ల రూపాయలకు కొన్నది లాటరీల కంపెనీ ఫ్యూచర్ గేమింగే.

2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ జూదాన్ని మద్యం, మత్తుమందుల సరసన వ్యసనాల జాబితాలో చేర్చింది. చికిత్సలో పందెం కాసే ముందు మనసులో మెదిలిన లెక్కను కాగితం మీద రాయిస్తారు, డబ్బు అజమాయిషీ ఇంట్లో మరొకరికి అప్పగిస్తారు. చేతికీ పందేనికీ మధ్య కాస్త వ్యవధి దొరుకుతుంది. ఇంటివాళ్లు మాత్రం సాధారణంగా పరువుకు జడిసి ముందు అప్పు తీర్చేస్తారు. పోయింది తిరిగొచ్చిందనే ఆడేవాడి మనసు లెక్క వేసుకుంటుంది, మర్నాడు మళ్లీ బల్ల దగ్గరికే. అప్పు తీర్చేముందు 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు, ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ బెంగాలీలోనూ మాట్లాడతారు.