యూదుల మ్యూజియంలో పిల్లలకేం పని?

మొదటిసారి కొచ్చి వెళ్లినప్పుడు మట్టాంచేరిలో మిరియాలు, యాలకులు కొనుక్కుని, ఆ వీధి చివరనున్న యూదుల ప్రార్థనా మందిరం దాకా నడిచాం. తలుపు మూసి ఉంది. ఆ రోజు శనివారం. "పోనీలే, పిల్లలకేం అర్థమవుతుంది" అనుకుని వెనక్కి తిరిగాం. మరుసటి ఏడాది లోపలికి తీసుకెళ్లాక ఆ మాట ఎంత తప్పో తెలిసింది. అలాంటివే, బందరు, గుడివాడ, దివిసీమల్లో నాకు తరచూ వినిపించే మరికొన్ని అపోహలివి.

అపోహ: యూదులు ఎక్కడో ఇజ్రాయెల్లో ఉంటారు.

వాస్తవం: గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలోనూ, మన బందరులోనూ తెలుగు యూదులున్నారు. తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకుంటారు. మాదిగ కుటుంబాల వారు. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం తమదని వారి విశ్వాసం. దానికి చారిత్రక ఆధారం దొరకలేదు. కానీ వారు పాటించే విశ్రాంతి దినం, నేర్చుకునే హీబ్రూ ప్రార్థనలు కళ్లెదుట ఉన్న నిజం. వారిపై యూలియా ఇగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది.

అపోహ: సినగాగ్ అంటే ఒక రకం చర్చి.

వాస్తవం: తెలుగు బైబిలు దీన్ని సమాజమందిరం అంటుంది. ఇక్కడ సిలువ ఉండదు, విగ్రహం ఉండదు. తోలుపై చేత్తో రాసిన ధర్మశాస్త్రపు చుట్టలే ఇక్కడ పరమ పవిత్రం. మట్టాంచేరి మందిరాన్ని 1568లో కట్టారు. లోపలికి చెప్పులు విప్పే వెళ్లాలి. నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలం, తెలుపు పింగాణీ పలకలు. మా చిన్నది మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పలక మీద బొమ్మనూ వేలితో తడుముతూ ఉండిపోయింది. హీబ్రూను కుడి నుంచి ఎడమకు చదువుతారని చెబితే, తన పేరునూ అలాగే తిప్పి రాసుకుంది.

అపోహ: యూదుల చరిత్రంటే హిట్లర్ మారణకాండే. పిల్లలు జడుసుకుంటారు.

వాస్తవం: దాదాపు 60 లక్షల మంది యూదుల్ని నాజీలు చంపారు. అది దాచాల్సిన విషయం కాదు, వయసు చూసి చెప్పాల్సిన విషయం. వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం కూడా తన ప్రధాన ప్రదర్శనను 11 ఏళ్లు నిండిన వారికే సూచిస్తుంది. కేరళ కథ మాత్రం వేరు. సుమారు వెయ్యేళ్ల కిందట చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకు గొడుగు, పల్లకి వంటి గౌరవాలిస్తూ రాగి శాసనం రాయించాడు. 1662లో పోర్చుగీసు వారు మట్టాంచేరి మందిరాన్ని ధ్వంసం చేశారు. మరుసటి ఏడాది డచ్చివారు కొచ్చిని గెలిచాక అది మళ్లీ లేచింది. బందరు వలందపాలెం పేరులో ఉన్న 'వలందా' వారే ఆ డచ్చివారని చెప్పండి, పిల్లల ముఖాలు వెలుగుతాయి.

అపోహ: మన కృష్ణా తీరానికీ వారికీ సంబంధం లేదు.

వాస్తవం: కృష్ణ ఒడ్డున కొల్లూరులో తవ్విన వజ్రాలు మద్రాసు యూదు వ్యాపారుల చేతుల మీదుగా లండన్ చేరాయి. వారిలో ఒకడు 1687లో చనిపోయిన జాక్ డి పైవా. వజ్రాలకు బదులుగా ఇటలీలోని లివోర్నో నుంచి పగడాలు వచ్చేవి. మన ఆడపడుచులు మంగళసూత్రాల్లో గుచ్చుకునే పగడాన్ని చూపించి పిల్లలకు ఆ కథ మొదలుపెట్టవచ్చు.

అపోహ: మ్యూజియంలో ఉన్నారంటే అంతరించిపోయారనే.

వాస్తవం: కేరళలో పరవూరు, చేందమంగళం మందిరాలు ఇప్పుడు మ్యూజియాలు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక కేరళ యూదుల్లో ఎక్కువమంది అటు తరలిపోయారు, అక్కడ బతుకుతున్నారు. బందరు వారైతే ఇక్కడే ఉన్నారు. వారి ఇళ్లు చూడ్డానికి కెమెరాలతో వెళ్లకండి, ఇరుగుపొరుగుగా పలకరించండి.

ఆ మూసిన తలుపు సంగతి తర్వాత మా చిన్నదానికి వివరించాను. శుక్రవారం పొద్దుగూకితే వారికి పని లేని రోజు మొదలవుతుందని చెప్పాను. "మరి బందరులో వాళ్లకీ?" అంది. వాళ్లకీ అంతేనమ్మా.