వర్చువల్ లోకంలో ఆర్టెమీసియా చిత్రశాల

ఉద్యోగం చేస్తూ ఈ కోర్సు చదువుతున్న మీలో కొందరు మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ కార్యాలయాల్లో పనిచేస్తూ ఉండవచ్చు. ఇంకా కట్టని భవనంలో తెరమీదనే నడిచి చూసేలా త్రిమితీయ నమూనాలు తయారుచేయడం ఈ రంగంలో మామూలు పనే. అదే పద్ధతిలో చిత్రశాలను నిర్మిస్తే దానిని వర్చువల్ ప్రదర్శన అంటాం. సందర్శకుడు తనకు బదులుగా ఒక బొమ్మను లోపలికి పంపుతాడు. దానికి పెట్టిన పేరు మన మాటే: అవతార్. 2007లో జర్మనీలోని డ్రెస్డెన్ ప్రాచీన చిత్రశాలను సుమారు 750 చిత్రాలతో సహా 'సెకండ్ లైఫ్' అనే వర్చువల్ లోకంలో పునర్నిర్మించారు.

ఇటువంటి ప్రదర్శన ఏమి చూపగలదో, ఎక్కడ జాగ్రత్త అవసరమో బరోక్ చిత్రకారిణి ఆర్టెమీసియా జెంటిలెస్కి ఉదాహరణతో తెలుసుకొందాం.

ఆమె 1593లో రోమ్‌లో జన్మించింది. తండ్రి ఒరాజియో వద్దనే చిత్రకళ నేర్చుకొంది. చిక్కటి చీకటి, ఒక పక్కనుంచి పడే వెలుగు, కథలో అత్యంత ఉద్రిక్తమైన క్షణం - ఈ బరోక్ లక్షణాలన్నీ ఆమె చిత్రాల్లో కనిపిస్తాయి. 1616లో ఫ్లోరెన్స్ కళా అకాడమీలో సభ్యత్వం పొందిన తొలి మహిళ ఆమే.

ఆమె చిత్రాలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నాయో గమనించండి. 1610 నాటి 'సూసన్న, పెద్దలు' జర్మనీలో ఉంది. సేనాని హోలోఫెర్నీస్ తల నరుకుతున్న జూడిత్ చిత్రాన్ని ఆమె రెండుసార్లు వేసింది. ఒకటి నేపుల్స్‌లో, మరొకటి ఫ్లోరెన్స్‌లో ఉన్నాయి. వర్చువల్ గదిలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టవచ్చు. మొదటిదానిలో జూడిత్ నీలి దుస్తుల్లో ఉంటుంది. రెండోదానిలో పసుపు దుస్తులు, ఎగజిమ్మే నెత్తురు. సందర్శకుడు ఒక్క అడుగు పక్కకు వేస్తే ఈ తేడా తెలుస్తుంది.

అయితే ఏ చిత్రం ముందు, ఏది తరువాత అన్నది రూపకర్త ఇష్టం. 1611లో అగోస్తినో తస్సి అనే చిత్రకారుడు ఆర్టెమీసియాపై అత్యాచారం చేశాడు. 1612 నాటి విచారణలో, ఆమె చెప్పేది నిజమో కాదో తేల్చడానికని, వేళ్ళకు తాళ్ళు బిగించి హింసించారు. తస్సికి శిక్ష పడింది. ప్రదర్శన ఈ న్యాయస్థానం గదితో మొదలైతే జూడిత్ చిత్రాలు రెండూ పగ తీర్చుకోవడంగానే కనిపిస్తాయి. కాని కరవాజ్జో అంతకు ముందే ఇదే ఘట్టాన్ని చిత్రించాడని మరువరాదు. ఆమె వేదనను దాచకూడదు. అలాగని ఆమె కుంచె పనినంతా దానికే ముడిపెట్టడం కూడా అన్యాయమే.

మరో జాగ్రత్త. ఫోను తెరమీద నిలువెత్తు చిత్రమూ, అరచేతి చిత్రమూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. కొలతలు తప్పక చూడండి.

ఇక అసలు చిత్రం ఎదుట నిలబడినా కంటికి కనిపించనిది కంప్యూటరు చూపగలిగిన సందర్భం ఒకటుంది. 1616లో ఆర్టెమీసియా ఫ్లోరెన్స్‌లోని బ్యూనరోటి గృహం పైకప్పుకు 'సహజ ప్రవృత్తి' అనే చిత్రం వేసింది. చేతిలో దిక్సూచి పట్టుకొన్న వివస్త్ర స్త్రీ అందులో ఉంది. 1680 దశకంలో ఆ ఇంటి వారసుడు మర్యాద కోసమని వోల్తెరానో అనే చిత్రకారుడి చేత ఆమెపై వస్త్రం, తెర వేయించాడు. 2022లో పరిరక్షకులు ఎక్స్-రే, పరారుణ కిరణాలతో పరిశీలన ప్రారంభించారు. పై రంగును తొలగిస్తే కింది రంగు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా ఆ వస్త్రమూ ఇప్పుడు చరిత్రలో భాగమే. అందుచేత దానిని ముట్టుకోకుండా, మూల చిత్రం ఎలా ఉండేదో డిజిటల్ రూపంలో తయారుచేసి 2023 ప్రదర్శనలో చూపారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని మేలిముసుగు రెబెక్కా మీకు గుర్తుకు రావచ్చు. ఆ పాలరాతి ముసుగును శిల్పి బెంజోని తానే చెక్కాడు, అది అతని నైపుణ్యం. ఆర్టెమీసియా చిత్రం మీది ముసుగు మాత్రం ఆమె వేసింది కాదు.

అభ్యాసం: ఆర్టెమీసియా ప్రదర్శనలో మొదటి గదిని మీరు ఏర్పాటు చేయవలసివస్తే అందులో ఏ చిత్రం ఉంచుతారు? దాని పక్కన ఉంచే వివరణను 5 వాక్యాల్లో రాయండి.